దించేకి ఎవురూ రారు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే మా పనివాళ్ళ గ్రూపులో "అక్క పోయింది" అని ఒక ముక్క కనిపించింది. దాని కింద వరసగా దండాలు, పూలు, దీపాలు. "అక్క ఆత్మకు శాంతి కలగాలి" అని ఒకడు పెట్టాడు. తనను ఎండిపోయిన బావిలో దించి అక్క టీ తాగడానికి వెళ్ళిపోయిందని ఒకప్పుడు మేనేజరు దగ్గర మొరపెట్టుకున్నది వాడే. ఆ దండాల్లో సగం అలాంటి చేతులవే. నాకు ఒళ్ళు మండింది. ఆమెకు శాంతి ఎందుకట? బతికున్నన్నాళ్ళూ ఆమె దాన్ని ఎవరినీ అడగలేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు.

నేను కూడా ఏదో కొట్టబోయి చెరిపేశాను. ఒక బొమ్మ పెట్టి చేతులు దులుపుకుంటే ఆమె ఎక్కడున్నా నన్ను తిడుతుంది. ఆ తిట్లు నాకు బాగా తెలుసు. అవే లేకపోతే ఇవాళ ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. మాటవరసకు అనడం లేదు.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. విడపనకల్లు వైపు బస్సులో పోయినవాళ్ళు గాలిమరలు చూసే ఉంటారు. మా నేల మీద కరువు వానకే గానీ గాలికి లేదు. ఆ గాలే దుమ్మును మోసుకొచ్చి రెక్కల అంచులు కొరికేస్తుంది. ఎండ పగుళ్ళు తెస్తుంది. మర ఆపి, రెక్కను నిలువుగా కిందికి తిప్పి, పైనుంచి తాళ్ళు వదిలి, నడుముకూ తొడలకూ బెల్టు బిగించుకుని, తాడు మీద జారుతూ ఆ పగుళ్ళు పూడ్చేవాళ్ళం మేము. మనిషికి రెండు తాళ్ళు. ఒకటి బరువు మోసేది, రెండోది అది తెగితే కాపాడేది. బరువు మోసే తాడు డిసెండర్ అనే పరికరంలోంచి పోతుంది. అరచేతి అంత ఉంటుంది అది. పిడి లాగితే జారతాం, వదిలితే ఆగిపోతాం. అన్నీ సవ్యంగా ఉన్నంతసేపు ఇంత సులువైన పని ఇంకోటి లేదు. సవ్యంగా లేనప్పుడు ఏం చేయాలో నేర్పడానికి ఆమె వచ్చింది.

ట్రైనర్ వస్తున్నాడు, బస్టాండుకు పోయి తీసుకురా అని నన్ను పంపారు. కండలు తిరిగినవాడెవడో దిగుతాడని చూస్తుంటే ఒక పొట్టి మనిషి దిగింది. యాభై దగ్గర పడ్డ వయసు, మోకాళ్ళ దాకా కుర్తా, కాళ్ళకు బూట్లు, కళ్ళకు దిట్టంగా కాటుక, వీపున తనంత ఎత్తు సంచి. మర్యాద కదా అని సంచికి చెయ్యి వేశాను.

"పట్టుకోద్దు," అంది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. బస్టాండు నుంచి సైటు దాకా జీపులో ఆ సంచిని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

ఆ సంచిలో ఉండేవి తాళ్ళు. కింద పెడితే ఇసుక దూరి తాడును లోపల్నుంచి కోస్తుందని ఆమె భయం. బస్సులో ఒక్క సీటే దొరికితే అందులో తాళ్ళను కూర్చోబెట్టి తను నిలబడేది. ఒకసారి నేను వెంట ఉన్నాను. ఒక ముసలాయన చూసి చూసి అడిగాడు. "ఏమ్మా, మనుషులు నిలబడుకోనుంటే సంచికి సీటా?"

"నువ్వు కూర్చో తాతా. దాన్ని ఒళ్ళో పెట్టుకో. కింద పెట్టినావంటే మాత్రం నేను మనిషిని కాను," అంది. ఆ తాత తాడిపత్రి దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు తిమ్మిరెక్కినా కదలకుండా వచ్చాడు. దిగేటప్పుడు ఆమె అతనికి గుప్పెడు చెనక్కాయలు ఇచ్చింది.

తాడిపత్రే ఆమె ఊరు. అన్న బండలు పాలిష్ చేసే యూనిట్లో పని చేసేవాడు. ఆమె తిట్టేది ఉర్దూలో, నేర్పేది తెలుగులో. తాడు మీదికి పోయే ముందు కాటుక సరిచూసుకుని, బిస్మిల్లా అనుకుని, తన ముడి తనే ఇంకోసారి లాగి చూసుకునేది. "దేవుడు కూడా ముడి చూసే వస్తాడు," అనేది. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావక్కా అంటే రోజుకో కథ. ఒకసారి మిలిటరీవాళ్ళ దగ్గరంది. ఒకసారి తేనె తీసేవాళ్ళ వెంట కొండల్లో తిరిగానంది. ఇంకోసారి, "మా నాయన కొండగుండు మీద నన్నిడ్సిపెట్టి అన్నానికి పోయినాడు. నేనే దిగినా," అంది. మూడూ అబద్ధాలే కావచ్చు. పెళ్ళి సంగతి అడిగితే, "అయింది, అయిపోయింది," అని ఊరుకునేది. మేము అంతకంటే లోపలికి పోలేదు, ఆమె రానివ్వలేదు.

కానీ ఒక్క మాట మాత్రం ఆమె ఎప్పుడూ మార్చలేదు. పొద్దున బెల్టులు కట్టించి, ఒక్కొక్కడి వీపు మీద గట్టిగా చరిచి అనేది. "దించేకి ఎవురూ రారు. వచ్చినా నీ దగ్గరికి రారు, నీ పీనుగు దగ్గరికి వస్తారు. కాబట్టి నువ్వే రావల్ల."

ఇది బెదిరింపు కాదు. బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి తొడల దగ్గర పట్టీలు బిగుసుకుని, రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది. కళ్ళు తిరుగుతాయి. స్పృహ తప్పితే ఇక అతని ప్రాణం అతని చేతుల్లో లేనట్టే. దెబ్బ తగలక్కర్లేదు, తాడు తెగక్కర్లేదు. ఊరికే వేలాడితే చాలు. కంపెనీ రూలేమో ఎక్కడైనా చిక్కుకుంటే కదలకు, మన రెస్క్యూ టీమ్ వచ్చేదాకా ఆగు అని. టీమ్ ఉండేది సరిహద్దు దాటి బళ్ళారి వైపు. మధ్యలో ఉన్న రోడ్డు ఎలాంటిదో దాని మీద తిరిగిన వాళ్ళకు తెలుసు. ఆమెకు ఆ రూలంటే పరమ అసహ్యం. మనుషులు పైన వేలాడుతూ ఇంకొకరి కోసం ఎదురు చూడకూడదు. ఆమె బతుకంతా పట్టుకు కూర్చున్న పట్టు అదొక్కటే.

అందుకు ఆమె ఆయుధం రెండు తాళ్ళ ముక్కలు. చిటికెన వేలంత లావు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, చివరలు కలిపి ముడివేసి గుండ్రంగా చేసినవి. వాటిని పెద్ద తాడుకు ఒక పద్ధతిలో మెలికలు వేసి చుడితే, బరువు పడినప్పుడు బిగుసుకుంటాయి, బరువు తీస్తే పైకి జరుగుతాయి. పొట్టిది బెల్టుకు తగిలించుకుని కూర్చోవచ్చు. పొడుగుదానిలో పాదం పెట్టి లేచి నిలబడవచ్చు. నిలబడు, కూర్చో, నిలబడు, కూర్చో. అలా మనిషి ఎంత ఎత్తయినా తన బరువును తనే మోసుకుని పైకి పోవచ్చు. వాటికి ఆమె పెట్టిన పేరు మొలతాళ్ళు. ఎప్పుడూ నడుమునే ఉండాలి కాబట్టి.

"ఆడోళ్ళకు మొలతాడేందక్కా?" అని ఎవడో నవ్వాడు.

"ఏలాడే వాళ్ళకందరికీ కావల్ల," అంది. మర్నాటి నుంచి స్నానానికి పోయేటప్పుడు కూడా అవి నడుమున ఉన్నాయో లేదో చూసేది. లేనివాడికి ఆ పూట టీ లేదు.

శిక్షణ బావిలో. సైటు పక్కనే ఒక రైతుది రాతి కట్టు బావి, బోర్లు పడ్డాక నీళ్ళు లేక, అడుగున తుమ్మచెట్టు మొలిచి ఉంది. ఆమె దాని ఒడ్డున ఇనుప గుంజలు పాతి తాళ్ళు వదిలింది. ఒక్కొక్కడినీ అడుగు దాకా దించి, పైకి రమ్మనేది. ఎలా రావాలో ముందు రోజు చూపించింది కదా, మళ్ళీ చెప్పదు. ఒడ్డున కూర్చుని చెనక్కాయలు ఒలుచుకు తింటూ పొట్టు మన హెల్మెట్ మీద వేసేది. పొట్టు సూటిగా తలకు తగులుతుంటే, "ఇంకా అడుగునే ఉండావు," అనేది. అడుగున ఉన్నవాడు అరిస్తే లేచి వెళ్ళిపోయేది. నిజంగానే వెళ్ళిపోయేది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. తిట్టుకుంటూ, ఏడుస్తూ, మెలికలు తప్పు వేసి జారి, మళ్ళీ వేసి, మోచేతులు రాళ్ళకు గీసుకుని, చివరికి ఒడ్డు పట్టుకుని తల పైకి పెడితే, ఆమె టీ గ్లాసుతో వేపచెట్టు కింద నిలబడి మననే చూస్తూ ఉండేది. వెళ్ళిపోయింది టీ బంకు దాకా కాదు, మనకు కనబడనంత దూరం. ఆ సంగతి పైకి వచ్చినవాడికే తెలుస్తుంది. మేనేజరు దగ్గర ఏడ్చినవాడు మాత్రం ఆ రోజు నిచ్చెన వేయించుకుని పైకొచ్చాడు.

బావి యజమాని ఒకరోజు వచ్చి చాలాసేపు చూశాడు. "నీళ్ళు ల్యాని బాయిలోంచి మనుషుల్ని తోడతాండావా తల్లీ?" అన్నాడు.

"నేను తోడేది ల్యా అన్నా. వాళ్ళే నీళ్ళ మాదిరి ఊరి పైకి రావల్ల," అంది.

ఆ ఎండాకాలం సంగతికి వస్తాను. మా వైపు మగవాడు మెడలో టవాలు లేకుండా గడప దాటడు. చెమట తుడుచుకోవడానికి, తలకు చుట్టుకోవడానికి, దుమ్ము లేస్తే ముక్కుకు కట్టుకోవడానికి, కూర్చోవాలంటే పరుచుకోవడానికి అదే. వేసవిలో దాన్ని తడిపి మెడకు చుట్టుకుంటే పైన రెక్క దగ్గర వేడికి ప్రాణం లేచొస్తుంది. ఆమెకు మాత్రం టవాలును చూస్తే పామును చూసినట్టు ఉండేది. తాళ్ళ పనిలో వేలాడే గుడ్డ ఏదైనా డిసెండర్లోకి పోతుంది, పోతే రాదు. అందుకని టవరు మెట్ల దగ్గర బకెట్ పెట్టి, అందరి టవాళ్ళూ అందులో వేయించుకునేది. మేమేం తక్కువ తిన్నామా? బకెట్లో ఒకటి వేసి, తడిపిన ఇంకొకటి చొక్కా లోపల దాచుకుని పోయి, పైన మెడకు చుట్టుకుని కొసలు లోపలికి దోపుకునేవాళ్ళం. ఒక్కడు కాదు, అందరం.

ఆ రోజు నేను రెక్క సగం దాకా దిగాను. గాలి మళ్ళింది. చొక్కా గుండీ ఎప్పుడు ఊడిందో చూసుకోలేదు, టవాలు చివర బయటికి వచ్చి ఎగురుతోంది. నా చూపు పగులు మీద ఉంది. పిడి లాగి కిందికి జారాను. కాస్త జారి దబ్బున ఆగిపోయాను. మెడ వంగి గడ్డం డిసెండర్ దగ్గరికి వచ్చింది. తడిగుడ్డ తాడుతో పాటు డిసెండర్ పళ్ళలోకి పోయి కరుచుకుంది. రెండో కొస మెడ చుట్టూ ఉండనే ఉంది. ఇంకా కాస్త జారి ఉంటే నన్ను నేనే ఉరి తీసుకునేవాణ్ణి. ఎలాగో తల అందులోంచి తప్పించుకున్నాను. కానీ కిందికి లేదు, పైకి లేదు.

వాకీటాకీలో మేనేజరు గొంతు వచ్చింది. "కదలొద్దు. టీమ్‌కు చెప్పినాం, బయల్దేరినారు. ధైర్యంగా ఉండు." ఆయన చెడ్డవాడు కాదు. ఆ గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది. సరేనన్నాను. ఆగాను. ఎండ రెక్క మీద పడి మొహాన కొడుతోంది. కాసేపటికి తొడల్లో మంట, ఆ తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. నోరు ఎండిపోయింది. టవాలు కోసేస్తే పోతుంది కదా అనిపించింది. జేబులోంచి కత్తి తీశాను.

"ఒరేయ్!"

ఆమె గొంతు. కింద ఎవరి చేతిలోంచో వాకీటాకీ లాక్కున్నట్టుంది. "కత్తి తీసినావా?"

"టవాలు కోద్దామనక్కా..."

"బరువు మీదుండే తాడు అది. మొన తగిల్తే చాలు తెగుతాది. మూసి జేబులో పెట్టు. పెట్టినావా? పెట్టినానని చెప్పు."

"పెట్టినా."

వెనక మేనేజరు మాట వినబడింది. "మేడమ్, అది ఇట్లివ్వండి. టీమ్ దార్లో ఉండారు. వాణ్ణి కదిలించొద్దు, నా మాట వినండి."

"దార్లో ఉండారు కదా, రానీ. టీ ఇచ్చి పంపిద్దాం," అంది. తర్వాత నాతో, "యాడుండాయిరా నీ మొలతాళ్ళు?"

"నడుముకుండాయక్కా. చేతులు వణకతాండాయి."

"వణకనీ. వణికే చేతుల్తోనే కట్టు. బాయిలో వణకలేదా? పొడుగుది తీసుకో. డిసెండర్ పైన తాడుకు చుట్టు. నేను చెప్పను ఎట్ల చుట్టల్లో. నీకు తెలుసు."

నిజంగానే అంతటితో ఆపేసింది. నేను అడిగాను, బతిమాలాను, ఒక బూతు కూడా అన్నాను. వాకీటాకీలో గాలి రొద తప్ప ఏమీ లేదు. ఆ క్షణంలో ఆమె మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఆ కోపంతోనే మెలికలు వేశాను. మొదటిసారి జారిపోయింది. రెండోసారి పట్టింది. మొద్దుబారిన పాదాన్ని చేత్తో ఎత్తి పొడుగు తాడులో పెట్టి లేచాను. తొడల్లోకి రక్తం తిరిగి వచ్చినప్పుడు పెట్టిన నొప్పికి గట్టిగా అరిచాను. నిలబడి, పొట్టి తాడును ఇంకా పైన చుట్టి, బెల్టుకు తగిలించి, దాని మీద కూర్చున్నాను. బరువు దాని మీదికి పోయింది. డిసెండర్ వదులైంది. ఇక టవాలును కొద్దికొద్దిగా పీకాను. పోగులు పోగులుగా వచ్చింది. మొత్తం వచ్చాక చొక్కాలో కుక్కుకుని, మళ్ళీ లేచి నిలబడి, పొట్టిది విప్పి, నా బరువు మెల్లగా డిసెండర్ మీదికి దించుకున్నాను. పొడుగుది కూడా విప్పుకుని పిడి లాగాను. తాడు జారింది.

నేల తగిలేసరికి కాళ్ళు నిలవలేదు, కూలబడ్డాను. మేనేజరు నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆమె మెల్లగా నడిచి వచ్చింది. భేష్ అనలేదు, వీపు చరచలేదు. నా చొక్కాలోంచి చిరిగిన టవాలు లాగి, బాటిల్లో నీళ్ళు దాని మీద వంపి, నా మొహం, మెడ తుడిచింది.  తర్వాత దాన్ని నా మెడకు చుట్టి, "ఇప్పుడు కట్టుకో," అంది.

రెస్క్యూ టీమ్ వచ్చేసరికి నేను అన్నం తిని చాప మీద పడుకుని ఉన్నాను. ఆమె వాళ్ళకు అన్నట్టుగానే టీ ఇప్పించింది.

దాని మీద విచారణ పెట్టారు, సైటు ఆఫీసుగా వాడే రేకుల గదిలో. నన్నూ పిలిచారు. మేనేజరు మాటలో న్యాయం లేకపోలేదు. "వాడు ఆ పని చేసేటప్పుడు ముడి తప్పింటే? పడింటే? నేనేం చెప్పల్ల వాళ్ళ అమ్మకు? రూలు ఉండేది అందుకే కదా మేడమ్."

"రూలు బెల్టు కట్టుకొని ఏలాడిందా సార్ యాడన్నా?" అంది ఆమె. ఆమె నోట సార్ అనే మాట వచ్చిందంటే ఇక వెనక్కి తగ్గదని అర్థం.

"ఇంకోసారి ఇట్ల జరిగితే టీమ్ వచ్చేదాకా ఆపుతానని ఒక్క మాట చెప్పండి. ఇంతటితో అయిపోతుంది. మీరంటే మాకు గౌరవమే."

"చెప్పను."

"మాటే కదా మేడమ్?"

"ఆ మాట చెప్పినాక వీళ్ళకు ఏ మొహం పెట్టుకొని ముడి నేర్పల్ల? నన్ను పొమ్మంటారు, అంతే కదా. పోతా."

నన్ను అడిగితే నేను అన్నాను: "ఆమె చెప్పిందే చేసినా, అందుకే బతికినా. టీమ్ కోసం ఉండి ఉంటే మీరు నన్ను మూట కట్టి దించేవాళ్ళు."  కానీ నిర్ణయం ముందే అయిపోయింది. ఆ వారంలోనే ఆమెను పంపేశారు. మా సామాన్ల సంచుల్లోంచి ఆ చిన్న తాళ్ళు కూడా తీసేశారు. మా నడుముల మీంచి తియ్యలేకపోయారు. ఇప్పుడు మా జట్టుకు నేనే పెద్దను. కొత్తగా చేరినవాళ్ళను ముందు ఆ రైతు బావి దగ్గరికి తీసుకుపోతాను. కంపెనీకి తెలుసు. తెలియనట్టు ఉంటుంది. ఉండకపోయినా నేను మానను.

పోయిన చలికాలంలో ఆమె అన్న కూతురు రేష్మా ఫోన్ చేసింది. "అత్తకు పక్షవాతం వచ్చింది అన్నా. కుడి పక్క పడిపాయె. నిన్ను చూడల్లంటాంది," అంది.

తాడిపత్రిలో వాళ్ళిల్లు పాలిష్ యూనిట్ల వీధిలో. నీళ్ళతో కలిసి పారే బండల పిండి రోడ్డంతా తెల్లగా ఎండిపోయి ఉంటుంది. బండల లారీలు ఇంటి ముందు నుంచే పోతుంటాయి. లోపలి గదిలో మంచం. మంచం పైన ఇనుప దూలానికి ఆమె తాడు వేలాడుతోంది. దానికి మెలికలు వేసిన పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి. కాటుక దిద్దుకుని ఉంది. ఎడమ చేత్తో దిద్దుకున్నది కాబట్టి ఒక కన్నుకు పక్కకు పోయింది.

"డాక్టరు లేయదన్నాడు," అని చెప్పింది రేష్మా. "మా నాయన అదే చెప్తాడు. మేమందరం ఉండాం కదా, ఎత్తుతాం, కూర్చోబెడతాం, నువ్వు గమ్మున పండుకో అని. వినదన్నా. వాకిట్లో కుర్చీ వేయించింది. దాని దాకా ఆమే పోవల్లంట. ఎవురూ పట్టుకోకూడదంట. మా నాయన ఆ తాడు కట్టనన్నాడు. అన్నం మానేసింది. కట్టినాడు."

ఆమె నన్ను చూసి ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది. రెండోసారి అర్థమైంది. "చూపిస్తా."

ఎడమ చేత్తో తాడు పట్టుకుంది. పొట్టిదాన్ని పైకి జరిపి, దాని మీద బరువు వేసి, మెల్లగా లేచి కూర్చుంది. ఎడమ పాదం పొడుగుదానిలో పెట్టింది. కుడి కాలును చేత్తో ఎత్తి మంచం కిందికి దించింది. లేచింది. ఒక్క క్షణం నిలబడింది, నిజంగా నిలబడింది. కుడి మోకాలు విరిగినట్టు వంగి, తాడు మీంచి చెయ్యి జారి, బండల మీద పడింది.

రేష్మా కెవ్వుమని ముందుకు ఉరికింది. ఆమె ఎడమ అరచేత్తో నేలను చరిచింది. "పట్టుకోద్దు!" అంది, ఆ మాట మాత్రం స్పష్టంగా.

నేను రేష్మా మణికట్టు పట్టుకుని ఆపాను. ఆ పిల్ల ఏడుస్తూ గింజుకుంది. "నీకేం పొయ్యే కాలమన్నా, పడి ఉంది కదా మనిషి, వదులు!" అంది. వదల్లేదు. నాకూ ఎత్తాలనే ఉంది. ఒక్క నిమిషం పని. రెండు చేతులతో ఎత్తి పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తృప్తిగా ఇంటికి పోవచ్చు. పోతే ఆమెను నేనే చంపినట్టు. అంతకంటే వేరే మాట నాకు రావడం లేదు.

ఆమె నేల మీద పాకుతూ తాడు కింది కొసను అందుకుంది. పొట్టిదాని మెలిక బిగుసుకుని జరగడం లేదు. పళ్ళతో కరిచి వదులు చేసింది. కాస్త లేస్తుంది, ఆగుతుంది, రొప్పుతుంది. మెలికను పైకి తోస్తుంది. మళ్ళీ లేస్తుంది. రేష్మా ముందే తెచ్చి పెట్టిన టీ గ్లాసులు కిటికీలో చల్లారిపోయి, మీగడ కట్టాయి. వీధిలో లారీలు పోతూనే ఉన్నాయి. గదిలో ఎండ మంచం కాలు మీంచి గోడ మీదికి ఎక్కింది. చివరికి మోచెయ్యి మంచం అంచు మీద వేసి, ఒళ్ళంతా ఊపి, బోర్లా పడింది మంచం మీద. చెమటకు కాటుక బుగ్గల మీదికి కారింది. నేను రేష్మా చెయ్యి అప్పుడు వదిలాను. దాని మణికట్టు కందిపోయి ఉంది.

"ఏడుస్తాండావా?" అంది నన్ను చూసి.

"లేదక్కా."

"ఏడువు. తప్పు ల్యా." ఊపిరి తీసుకుంది. "కుర్చీ దాకా ఇంకా శానా దూరముండాది. ఇంగ నువ్వు పో, బస్సు పోతాది."

అదే ఆమెను ఆఖరుగా చూడడం. ఆ తర్వాత ఫోన్ చేస్తే రేష్మా చెప్పేది. దూలం నుంచి వాకిలి దాకా గోడ వెంట ఇంకో తాడు కట్టించుకుందని. గుమ్మం దాకా పోయి పడిందని. వాళ్ళ నాయన ఆ తాడు విప్పేస్తానని అరిచాడని, విప్పలేదని. ఇంట్లో అందరికీ ఆమెను చూస్తే కోపం, భయం. ఆమె మీద ప్రేమ లేక కాదు.

గ్రూపులో ముక్క చూసిన రోజే బస్సెక్కి తాడిపత్రి పోయాను. నేను పోయేసరికి తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నారు. వీధంతా జనం. పాలిష్ యూనిట్లలో పనివాళ్ళు తెల్లటి పిండి కాళ్ళతో అలాగే వచ్చి నిలబడ్డారు. మగవాళ్ళతో పాటు నేనూ నడిచి, ఒక గుప్పెడు మట్టి వేసి, తిరిగి ఇంటికి వచ్చాను. రేష్మా వాకిట్లో నిలబడి ఉంది. వాకిట్లో కుర్చీ ఉంది. ప్లాస్టిక్ కుర్చీ, ఒక చెయ్యి పగిలింది. దాన్ని ఎవరూ లోపలికి తీయలేదు.

"ఎట్ల జరిగింది?" అన్నాను.

"తెల్లారి లేసేసరికి మంచం మీద ల్యా అన్నా. చూస్తే ఈడ, ఈ కుర్చీలో కూర్చోనుంది. గడియ ఆమే తీసుకునింది. తల గోడకు ఆనించి, రోడ్డుకు చూస్తాంది. పిలిచినా. పలకల్యా."

అప్పుడే పరామర్శకు వచ్చిన ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయ్యో తల్లీ, ఇంటినిండా మనుషులుండి కూడా ఆఖరికి ఎవురూ పట్టుకోలేకపాయిరే," అంది.

రేష్మా ఆమె వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు లేవు.

"అవును, ఎవురూ పట్టుకోలేదు," అంది. ఆవిడకు సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు గొంతు పెద్దది చేసి, లారీ మోతను దాటి వీధి చివర దాకా పోయేలా, ఇంకోసారి చెప్పింది.